రెండు ప్రాసెసర్ల సిస్టమ్‌లో పెళ్లి వీడియో ఎక్స్‌పోర్ట్ వేగం పెంచుకోవడం ఎలా

మాఘం ముహూర్తాలు మొదలయ్యాయంటే మిక్సింగ్ చేసేవాళ్లకు రాత్రీ పగలూ తేడా ఉండదు. మూడు గంటల పెళ్లి ఫైలును ఎక్స్‌పోర్ట్‌కి పెట్టి పడుకుని, తెల్లారి లేచి చూస్తే ఇంకా అరవై శాతం దగ్గరే ఉంటుంది. అవతల పెళ్లివారు పెన్‌డ్రైవ్ ఎప్పుడిస్తారని ఫోన్లు చేస్తుంటారు. ఈ తిప్పలు తప్పుతాయని చాలామంది సెకండ్‌హ్యాండ్‌లో దొరికే రెండు ప్రాసెసర్ల వర్క్‌స్టేషన్లు కొంటున్నారు. జియాన్ ఈ5-2680 వీ4 ప్రాసెసర్లు రెండు ఉంటే 28 కోర్లు (లెక్క చేసే భాగాలు), 56 థ్రెడ్లు (ఒకేసారి నడవగల పనులు). చెప్పుకోవడానికి పెద్ద లెక్కే. తీరా తెచ్చి ఎక్స్‌పోర్ట్ పెడితే, పక్కన ఉన్న మామూలు ఐ5 సిస్టమ్ ముందే ముగించేస్తుంది.

నా సిస్టమ్‌తో మొదటి వారం నాకూ ఇదే జరిగింది. మెషిన్‌లో లోపమేమీ లేదు. ముప్పై మంది కూలీలను నాట్లకు పిలిచి, నారు కట్టలు అందించడానికి ఒక్క మనిషినే పెట్టామనుకోండి. ఇద్దరు ముగ్గురు నాటుతుంటే మిగతావాళ్లు గట్టు మీద కూర్చుంటారు. ఇంకో పదిమందిని పిలిచినా నాటు ముందుకు సాగదు. మడిని ముక్కలు చేసి, ఒక్కో జట్టుకు ఒక్కో ముక్క, దాని నారు దానికే ఇస్తే అప్పుడు పని కదులుతుంది. వీడియోకి అదే పని ఎలా చేయాలో వరసగా చెబుతాను.

ముందు, రెండో ప్రాసెసర్ విండోస్‌కి కనిపిస్తోందో లేదో చూడండి

కంట్రోల్, షిఫ్ట్, ఎస్కేప్ మీటలు కలిపి నొక్కితే టాస్క్ మేనేజర్ వస్తుంది. పెర్ఫార్మెన్స్‌లో సీపీయూ మీద నొక్కి, కింద ‘సాకెట్స్’ దగ్గర ఎంత ఉందో చూడండి. 2 ఉండాలి. 1 ఉందంటే రెండో ప్రాసెసర్ కరెంటు తాగుతూ ఊరికే కూర్చుందన్నమాట. దీనికి తరచుగా కనిపించే కారణం విండోస్ 10 హోమ్. హోమ్ ఎడిషన్ ఒక్క ప్రాసెసర్‌నే వాడుకుంటుంది. రెండు కావాలంటే ప్రో ఉండాలి. కొన్నప్పుడు వేసి ఇచ్చిన విండోస్ ఏదో చాలామంది చూసుకోరు, ముందు అది చూడండి.

తర్వాత సిస్టమ్ ఆపి, మూత తీసి, ర్యామ్ ఎలా పెట్టారో చూడండి. ఈ జియాన్లలో ప్రతి ప్రాసెసర్‌కి తన మెమరీ తనకే ఉంటుంది, దానికి నాలుగేసి చానళ్లు, అంటే దారులు. అంటే రెండిటికీ కలిపి ఎనిమిది స్టిక్కులు పెడితేనే పూర్తి వేగం. 64 జీబీ కావాలంటే 32 జీబీవి రెండు కొనడం కంటే 8 జీబీవి ఎనిమిది పెట్టడం మేలు. స్టిక్కులన్నీ ఒకే ప్రాసెసర్ పక్కన గుచ్చి ఉంటే, రెండోది ప్రతి ఫ్రేముకీ పక్కింటి బావికి నీళ్లకు వెళ్లినట్టు అవతలి మెమరీకి వెళ్లి రావాలి. ఏ స్లాట్ ఏ ప్రాసెసర్‌దో చాలా వర్క్‌స్టేషన్లలో మూత లోపలి బొమ్మలోనే ఉంటుంది.

ఇంకా పెద్ద ప్రాసెసర్లు ఉన్నవాళ్లకు ఒక మాట. ఈ5-2699 వీ4 రెండు ఉంటే 88 థ్రెడ్లు అవుతాయి. విండోస్ వాటిని 64కి మించని గ్రూపులుగా విడదీస్తుంది. విండోస్ 10లో ఒక ప్రోగ్రామ్ తనంతట తాను రెండో గ్రూపులోకి వెళ్లదు, ఆ ప్రోగ్రామ్‌ని అందుకు తగ్గట్టు రాసి ఉండాలి. విండోస్ 11లో ఈ అడ్డు తీసేశారు గానీ, ఈ పాత జియాన్లు విండోస్ 11 అధికారిక జాబితాలో లేవు. కింద చెప్పే ముక్కల పద్ధతిలో ఈ చిక్కు దానంతట అదే తప్పిపోతుంది.

ఎక్కడ ఆగుతోందో కనిపెట్టండి

మామూలుగా చేసే ఎక్స్‌పోర్ట్ ఒకటి పెట్టి ఐదు నిమిషాలు నడవనివ్వండి. టాస్క్ మేనేజర్‌లో సీపీయూ గ్రాఫ్ మీద రైట్ క్లిక్ చేసి, ‘చేంజ్ గ్రాఫ్ టు’లో ‘లాజికల్ ప్రాసెసర్స్’ ఎంచుకుంటే 56 చిన్న గడులు వస్తాయి. మొత్తం శాతాన్ని చూసి మోసపోవద్దు. 56 థ్రెడ్లలో ఒక్కటి పూర్తిగా ఊపిరాడకుండా పనిచేస్తున్నా మొత్తం వాడకం 2 శాతం లోపే చూపిస్తుంది.

ఒకటి రెండు గడులే నిండి మిగతావి ఖాళీగా ఉంటే, ఏదో ఒక ఎఫెక్టో, ఫుటేజ్‌ని విప్పి చదివే డీకోడరో ఒకే థ్రెడ్ మీద నడుస్తూ మిగతా అందరినీ ఆపుతోంది. గడులన్నీ సగం సగం ఊగుతుంటే పని ఉంది గానీ సరిపడా అందడం లేదు. సీపీయూ ఖాళీగా ఉండి డిస్క్ వాడకం వంద శాతం ఉంటే తప్పు హార్డ్ డిస్క్‌ది. తిరిగే హార్డ్ డిస్క్‌లోంచి ఫుటేజ్ చదువుతూ అందులోకే రాస్తుంటే ఎన్ని కోర్లున్నా దండగ. చదివేది ఒక డిస్క్, రాసేది ఇంకో డిస్క్ పెట్టండి, కనీసం ఒకటి ఎస్‌ఎస్‌డీ కావాలి. గడులన్నీ నిండుగా ఉంటే మాత్రం మీ సిస్టమ్ చేయగలిగినంతా చేస్తోంది, ఇక సెట్టింగులు తగ్గించుకోవడమే దారి.

కోర్లు పెంచితే వేగం ఎందుకు పెరగదో 1967లో జీన్ ఆమ్డాల్ చెప్పిన లెక్కతో తెలుస్తుంది. పనిలో పదో వంతు విడదీయడానికి వీల్లేనిది అనుకోండి. 28 కోర్లు పెట్టినా వేగం ఏడున్నర రెట్లే పెరుగుతుంది. వెయ్యి కోర్లు పెట్టినా పది రెట్లు దాటదు. అందుకే కోర్లు కొనే ముందు ఆ పదో వంతు ఎక్కడుందో వెతకాలి.

ఐ5 ఎందుకు గెలుస్తోంది

మన దగ్గర పెళ్లి వీడియోలు చేసేవాళ్లలో ఎడియస్ అనే ఎడిటింగ్ ప్రోగ్రామ్ వాడేవాళ్లు చాలామంది. వీడియోని హెచ్.264 పద్ధతిలో కుదించి ఎక్స్‌పోర్ట్ చేయడానికి ఎడియస్ ఇంటెల్ క్విక్ సింక్ వాడుకోగలదు. 2011 శాండీ బ్రిడ్జ్ నుంచి ఇంటెల్ మామూలు ప్రాసెసర్లలోని గ్రాఫిక్స్ భాగంలో ఉంటున్న ఎన్‌కోడర్, అంటే వీడియోని కుదించే భాగం అది. ఈ5 జియాన్లలో ఆ గ్రాఫిక్స్ భాగమే లేదు, కాబట్టి క్విక్ సింక్ కూడా లేదు. ఐ5లో ప్రత్యేక చిప్ చేసే పనిని జియాన్‌లో కోర్లు సొంతంగా చేయాలి. గెలుపోటముల రహస్యం ఇంతే.

ఎన్విడియా కార్డు ఉంటే చాలావరకు దానిలో ఎన్వెంక్ అనే ఎన్‌కోడర్ ఉంటుంది. యూట్యూబ్‌కి పెట్టే ప్రోమోలకు, పెళ్లివారికి చూపించే మొదటి కాపీకి దాన్నే వాడండి, చాలా త్వరగా అయిపోతుంది. చివరి కాపీకి మాత్రం నేను కోర్ల మీదే నడిచే ఎక్స్264 అనే హెచ్.264 ఎన్‌కోడర్‌నే నమ్ముతాను. పట్టుచీర జరీ, మండపం పూలు, తలంబ్రాలు పోసేటప్పుడు గాల్లో ఎగిరే బియ్యం గింజలు, ఇవన్నీ బిట్‌రేట్‌ని, అంటే సెకనుకి కేటాయించే డేటాని, మింగేసే దృశ్యాలు. అంతే సైజు ఫైల్లో వీటిని నెమ్మదిగా పనిచేసే ఎక్స్264 శుభ్రంగా నిలబెడుతుంది. పాత తరం కార్డులైతే తేడా ఇంకా బాగా కనిపిస్తుంది.

పనిని రెండుగా విడదీయండి

టైమ్‌లైన్ మీద ఎఫెక్టులు, టైటిళ్లు, కలర్ వేసే పని ఒకటి. వాటి ఫలితాన్ని హెచ్.264గా కుదించే పని ఇంకొకటి. రెండూ కలిసి నడిస్తే ఒకటి ఆగినప్పుడల్లా రెండోది ఆగుతుంది.

కాబట్టి మొదట టైమ్‌లైన్‌ని కుదింపు తక్కువున్న ఫైలుగా బయటికి తీయండి. ఎడియస్‌లో ‘ప్రింట్ టు ఫైల్’లో గ్రాస్ వ్యాలీ హెచ్‌క్యూఎక్స్, ప్రీమియర్‌లో ప్రోరెస్ గానీ డీఎన్ఎక్స్‌హెచ్‌ఆర్ గానీ, రిజాల్వ్‌లో డీఎన్ఎక్స్‌హెచ్‌ఆర్ తీసుకోవచ్చు. వీటిలో ప్రతి ఫ్రేమూ దేనికదే పూర్తిగా ఉంటుంది, కాబట్టి మధ్యలో ఎక్కడ కోసినా ఇబ్బంది లేదు. చోటు మాత్రం చూసుకోండి. 1080పీ, సెకనుకు 25 ఫ్రేములు, ప్రోరెస్ 422 అంటే సెకనుకు దాదాపు 122 మెగాబిట్లు. మూడు గంటలకు 165 జీబీ దాకా అవుతుంది. ఎల్‌టీ రకం తీసుకుంటే సెకనుకు 85 మెగాబిట్లతో సరిపోతుంది. పెళ్లి వీడియోకి అది చాలు.

నాయిస్ తీసే ఎఫెక్టు, స్టెబిలైజర్ లాంటివి ఈ మొదటి పనిలోనే నడుస్తాయి, అత్యంత నెమ్మది కూడా అవే. రాత్రి రిసెప్షన్ క్లిప్పులకు మాత్రమే నాయిస్ ఎఫెక్టు వేసి, ఆ భాగాన్ని ముందే విడిగా రెండర్ చేసి టైమ్‌లైన్‌లో పెట్టుకోండి. మూడు గంటల మొత్తానికి ఒకేసారి వేసేయడం నేను చాలాచోట్ల చూశాను. పగటి వెలుతురులో తీసిన స్నాతకానికి దాని అవసరమే ఉండదు.

ముక్కలుగా ఎన్‌కోడ్ చేయండి

ఇక్కడినుంచి ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ కావాలి. డబ్బు కట్టక్కర్లేని ప్రోగ్రామ్, కమాండ్ విండోలో నడుస్తుంది. నేను తెలుగులో రాస్తున్న ఆప్షన్లను మీరు ఇంగ్లిష్ అక్షరాల్లోనే కొట్టాలి, ప్రతిదాని ముందూ హైఫన్ పెట్టాలి.

ఎక్స్264 సొంతంగానే చాలా థ్రెడ్లు వాడుకుంటుంది, అయినా ఒక్క 1080పీ వీడియోతో 56 థ్రెడ్లకూ నిండుగా పని దొరకదు. హెచ్.265 కోసం వాడే ఎక్స్265లో ఇది మరీ స్పష్టం. అది ఫ్రేముని 64 పిక్సెళ్ల ఎత్తున్న వరసలుగా చేసి ఒక్కో వరసని ఒక్కో థ్రెడ్‌కి ఇస్తుంది. 1080 ఎత్తుకి 17 వరసలే వస్తాయి. పైగా ప్రతి వరసా పై వరస కొంత ముందుకు వెళ్లాకే మొదలవ్వాలి. కొన్ని ఫ్రేములను పక్కపక్కనే నడిపినా అన్ని కోర్లూ నిండవు. అందుకే ఒకే వీడియో మీద నాలుగు ఎన్‌కోడ్‌లను, నాట్లలో నాలుగు జట్లలా, ఒకేసారి నడిపిస్తాం.

మూడు గంటల ఫైలుని నాలుగు ముక్కలు చేయాలని ముందుగా అనిపిస్తుంది. అలా చేయకండి. పన్నెండు చేయండి, ఒక్కోటి 15 నిమిషాలు. అప్పగింతలప్పుడు కెమెరా నిలకడగా ఉంటుంది కాబట్టి ఆ ముక్క త్వరగా అవుతుంది. బరాత్ డాన్సులున్న ముక్క చాలాసేపు పడుతుంది. నాలుగే ముక్కలుంటే మూడు ముగిసి, చివరిదాని కోసం మెషిన్ అంతా ఎదురుచూస్తుంది. పన్నెండుంటే ఒకటి అయిపోయిన జట్టు ఇంకోటి అందుకుంటుంది.

ప్రతి ముక్క కమాండ్‌లో ఉండాల్సినవి ఇవి. ‘ఎస్‌ఎస్’తో ముక్క ఎక్కడ మొదలవ్వాలో చెప్పండి, దీన్ని ఇన్‌పుట్ ఫైలు పేరుకు ముందే పెట్టాలి. ‘టీ’తో ఎంతసేపో, అంటే 900 సెకన్లు. ‘ఏఎన్’ అంటే ఆడియో వద్దని, ఎందుకో తర్వాత చెబుతాను. వీడియో కోడెక్‌గా లిబ్‌ఎక్స్264. ‘సీఆర్‌ఎఫ్’ 20, ‘ప్రీసెట్’ మీడియం లేదా స్లో. ఇక ‘పిక్స్ అండర్‌స్కోర్ ఎఫ్‌ఎంటీ’కి వైయూవీ420పీ. ఈ చివరిది మరిచిపోతే నష్టం పెద్దది. ప్రోరెస్, హెచ్‌క్యూఎక్స్ 4:2:2 రంగుతో, అంటే వైయూవీ420పీ కంటే ఎక్కువ రంగు వివరాలతో ఉంటాయి. ఎక్స్264 దాన్ని అలాగే ఉంచేస్తుంది. ఆ ఫైలు మీ సిస్టమ్‌లో చక్కగా ఆడుతుంది గానీ పెళ్లివారి టీవీలో చాలావరకు ఆడదు.

సీఆర్‌ఎఫ్ ఎందుకంటే, అది ప్రతి దృశ్యానికీ ఒకే నాణ్యత పట్టుకుంటుంది. ఫైలు సైజు ముందే నిర్ణయించే బిట్‌రేట్ పద్ధతి వాడితే కదలిక తక్కువున్న ముక్కకీ డాన్సుల ముక్కకీ ఒకే వాటా దక్కుతుంది, అతుకు దగ్గర బొమ్మ నాణ్యత ఒక్కసారిగా మారడం కంటికి తెలుస్తుంది. పన్నెండు ముక్కలకీ సెట్టింగులన్నీ అక్షరం తేడా లేకుండా ఒకటే ఉండాలి. లేకపోతే చివర్లో అతకడం కుదరదు.

25 లేదా 50 ఫ్రేములతో తీసినవాళ్లకు సెకన్ల లెక్క సరిగ్గా ఫ్రేము అంచు మీదే పడుతుంది. 29.97తో తీసినవాళ్లకు అలా పడదు. ముక్కకు ఎన్ని ఫ్రేములో లెక్కగట్టి, మొదలయ్యే సమయాన్ని ఆ ఫ్రేము సంఖ్య నుంచే తీయాలి. లేదంటే అతుకు దగ్గర ఒక ఫ్రేము పోవడమో రెండుసార్లు రావడమో జరుగుతుంది.

పన్నెండు కమాండ్లనీ నాలుగు బ్యాచ్ ఫైళ్లలో (కమాండ్లను ఒకదాని తర్వాత ఒకటి నడిపే టెక్స్ట్ ఫైళ్లు) మూడేసి చొప్పున రాసి, నాలుగిటినీ ఒకేసారి నడపండి. బరువైన ముక్కలు ఒకే ఫైల్లో పడకుండా పంచండి. లినక్స్ వాడేవాళ్లకు ఎక్స్‌ఆర్గ్స్‌లో పెద్ద ‘పీ’ ఆప్షన్ ఉంది. 4 అని ఇస్తే ఎప్పుడూ నాలుగు ముక్కలు నడిచేలా అదే చూసుకుంటుంది.

ఏ జట్టు ఏ ప్రాసెసర్ మీద నడవాలో కూడా చెప్పవచ్చు. విండోస్‌లో ప్రతి కమాండ్ ముందు ‘స్టార్ట్’, స్లాష్ పెట్టి ‘నోడ్ 0’ లేదా ‘నోడ్ 1’, మళ్లీ స్లాష్ పెట్టి ‘వెయిట్’ రాయండి. రెండు బ్యాచ్ ఫైళ్లు సున్నా వైపు, రెండు ఒకటి వైపు. వెయిట్ లేకపోతే మూడు ముక్కలూ ఒకేసారి మొదలైపోతాయి, అది మరవద్దు. లినక్స్‌లో ఈ పనికి న్యూమాసీటీఎల్ ఉంది, మెమరీని కూడా అదే ప్రాసెసర్ పక్కన కట్టేస్తుంది.

ఎన్ని జట్లు పెట్టాలో కొలిచి తేల్చుకోండి

నాలుగు అన్నది నా మెషిన్ లెక్క. మీది మీరే తేల్చుకోవాలి. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ నడుస్తున్నప్పుడు కింది వరసలో సెకనుకు ఎన్ని ఫ్రేములు అవుతున్నాయో చూపిస్తూ ఉంటుంది. ఒక్క జట్టుతో ఆ అంకె రాసుకోండి. తర్వాత రెండు పెట్టి రెండు అంకెలూ కలపండి. ఆపైన మూడు, నాలుగు, ఆరు. మొత్తం పెరగడం ఎక్కడ ఆగిందో అక్కడ ఆపేయండి. పరీక్షకు ప్రతిసారీ అదే పది నిమిషాల భాగం తీసుకోవాలి.

లెక్క ఎలా ఉంటుందో చూడండి. మూడు గంటలంటే 2,70,000 ఫ్రేములు. ఒక్క జట్టు సెకనుకు 30 ఫ్రేములు చేస్తే రెండున్నర గంటలు. నాలుగు పెట్టినప్పుడు ఒక్కొక్కటి 20కి పడిపోయినా మొత్తం 80 అవుతుంది, పని గంట లోపే ముగుస్తుంది. ఒక్కొక్కటి నెమ్మదించిందని కంగారు పడకండి. చూడాల్సింది మొత్తమే.

జట్లు పెంచేకొద్దీ మెమరీ కూడా పెరుగుతుంది. 4కే వీడియో అయితే మరీ. ర్యామ్ నిండిపోయి విండోస్ డిస్క్ మీదికి సర్దడం మొదలుపెట్టిందంటే వచ్చిన లాభమంతా పోతుంది.

అతకడం

ముక్కల పేర్లన్నీ వరసగా ఒక టెక్స్ట్ ఫైల్లో రాయండి. ప్రతి లైనులో ‘ఫైల్’ అన్న మాట, తర్వాత కోట్స్‌లో ముక్క పేరు. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్‌కి ‘ఎఫ్ కాన్‌క్యాట్’ అని, ‘సీ కాపీ’ అని ఇస్తే మళ్లీ ఎన్‌కోడ్ చేయకుండా అతికేస్తుంది. అది ఫైలు కాపీ అయినంత సేపే.

ఆడియోని మాత్రం ముక్కలు చేయకుండా మొత్తం ఒకేసారి ఏఏసీగా ఎన్‌కోడ్ చేసి, చివర్లో అతికిన వీడియోకి కలపండి. ఏఏసీ ఎన్‌కోడర్ ప్రతి ఫైలు మొదట్లోనూ 1024 శాంపిళ్ల ఖాళీ చేరుస్తుంది, అంటే 48 కిలోహెర్ట్జ్‌లో 21 మిల్లీసెకన్లు. ముక్కలతో పాటే ఆడియో కూడా చేస్తే పదకొండు అతుకుల దగ్గర సన్నాయి మధ్యలో టక్కుమంటుంది. పైగా ఆ ఖాళీలన్నీ పోగై, చివరికి వచ్చేసరికి పెదవులకీ మాటకీ పొత్తు కుదరకపోవచ్చు. ఆడియో ఎన్‌కోడ్‌కి పట్టేది కొద్ది నిమిషాలే.

వేరే ప్రోగ్రాములు వాడేవాళ్లకు

త్రీడీ బొమ్మలు చేసే బ్లెండర్‌లో అయితే పని ఇంకా సులువు. వీడియోగా కాకుండా పీఎన్‌జీ బొమ్మల వరసగా రెండర్ చేయండి. అవుట్‌పుట్‌లో ‘ఓవర్‌రైట్’ తీసేసి ‘ప్లేస్‌హోల్డర్స్’ పెట్టండి. అప్పుడు బ్లెండర్‌ని రెండు మూడుసార్లు తెరిచి అదే ఫైలు నడిపితే, ఒకటి మొదలుపెట్టిన ఫ్రేముని ఇంకొకటి ముట్టుకోదు. పక్క సిస్టమ్‌ని కూడా అదే ఫోల్డర్‌కి కలిపి పనిలో దింపవచ్చు. ఆఫ్టర్ ఎఫెక్ట్స్ వాడేవాళ్లు 2021 అక్టోబరులో వచ్చిన 22.0 గానీ, ఆ తర్వాతిది గానీ వాడాలి. అనేక ఫ్రేములను ఒకేసారి చేసే మల్టీ ఫ్రేమ్ రెండరింగ్ అందులోనే వచ్చింది. ఎఫ్‌ఎఫ్‌ఎంపెగ్ కూడా 7.0 నుంచి డీకోడ్, ఫిల్టర్, ఎన్‌కోడ్ పనులను వేరువేరు థ్రెడ్ల మీద ఒకేసారి నడుపుతుంది. పాతది ఉంటే మార్చండి.

వేడి, కరెంటు

2680 వీ4 ఒక్కోటి 120 వాట్ల ప్రాసెసర్. రెండూ నిండుగా నడిస్తే 240, దానిపైన గ్రాఫిక్స్ కార్డు, డిస్కులు. షాపుల్లో కనిపించే 600 వీఏ యూపీఎస్ దాదాపు 360 వాట్ల దగ్గరే చేతులెత్తేస్తుంది. కరెంటు పోయిన క్షణానే సిస్టమ్ కూడా పోతుందంటే కారణం చాలాసార్లు ఇదే. అంతకంటే పెద్దది పెట్టుకోండి.

ముక్కల పద్ధతి నాకు బాగా నచ్చడానికి వేగంతో పాటు ఇంకో కారణమూ ఉంది. ఎంపీ4 ఫైలుకి తన సూచిక చివర్లో రాసుకునే అలవాటు. రెండు గంటల యాభై నిమిషాలు ఎన్‌కోడ్ అయ్యాక కరెంటు పోతే ఆ ఫైలు తెరుచుకోను కూడా తెరుచుకోదు. ముక్కలైతే ఆ నిమిషాన నడుస్తున్న నాలుగే పోతాయి. పూర్తయినవి భద్రంగా ఉంటాయి, కరెంటు రాగానే మిగిలినవాటినే పెట్టుకోవచ్చు.

మే నెలలో గది 40 డిగ్రీలు దాటితే ప్రాసెసర్లు తమను కాపాడుకోవడానికి వేగం తగ్గించుకుంటాయి. మొదటి ముక్క కంటే ఐదో ముక్క ఫ్రేములు బాగా పడిపోతే వేడిని అనుమానించండి. సెకండ్‌హ్యాండ్ మెషిన్ అయితే హీట్‌సింక్ దుమ్ము దులిపి, థర్మల్ పేస్ట్ కొత్తది వేయించండి. విండోస్ పవర్ ప్లాన్ ‘హై పెర్ఫార్మెన్స్’లో పెట్టండి.

ఇచ్చే ముందు

పదకొండు అతుకుల దగ్గరా పది సెకన్లు ముందు నుంచి పెట్టి చూడండి, వినండి. చివరి ముక్కలో ఎవరైనా మాట్లాడే చోట పెదవుల కదలిక చూడండి. మొత్తం నిడివి టైమ్‌లైన్ నిడివితో సరిపోవాలి. తర్వాత పెన్‌డ్రైవ్‌ని మీ సిస్టమ్‌లో కాకుండా ఒక మామూలు టీవీకి గుచ్చి, మధ్యలోకి ముందుకీ వెనక్కీ జరిపి చూడండి. అది ఆడాకే ఆ 165 జీబీ ఫైలునీ ముక్కలనీ తుడిచేయండి.